నాటకం విడిపించిన రాజు

తిరువూరులో గ్రూప్స్‌కి చదువుకునే రోజుల్లో ఒక మాక్ టెస్టు రాశాను. ప్రతాపరుద్రీయ నాటకకర్త ఎవరు అని ఒక బిట్టు వచ్చింది. ఆప్షన్లలో విద్యానాథుడి పేరు కనపడగానే మిగతావి చూడకుండా బబుల్ దిద్దేశాను. కాకతీయుల చాప్టర్ మూడుసార్లు చదివానన్న ధైర్యం మరి. సరైన జవాబు వేదం వేంకటరాయశాస్త్రి. మార్కు పోయింది, దాని మీద నెగెటివ్ కూడా పడింది. ప్రశ్నలో నాటకం అన్న మాట స్పష్టంగానే ఉంది. చదవనిది నేనే.

ఆ ఉక్రోషంతో ఈ రాజు గురించి చదవడం మొదలుపెట్టాను. బిట్ల కోసం మొదలైంది కానీ అక్కడ ఆగలేదు. మాది సరిహద్దు ఊరు. నా స్నేహితుల్లో సగంమంది ఆంధ్రా పరీక్షలు రాస్తారు, సగంమంది తెలంగాణ పరీక్షలు రాస్తారు. కాకతీయులు మాత్రం రెండు సిలబస్‌లలోనూ ఉంటారు. కాబట్టి ఈ కథ మీకూ ఎక్కడో ఒకచోట ఉపయోగపడుతుంది.

ముందు పేర్ల చిక్కు విప్పుకుందాం. మన పుస్తకాల్లో ప్రతాపరుద్రులు ముగ్గురు తగులుతారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టించిన కాకతి రుద్రదేవుణ్ణి (1158-1195) కొందరు మొదటి ప్రతాపరుద్రుడు అంటారు. 1289 నుంచి 1323 వరకు ఓరుగల్లును ఏలినవాడు రెండో ప్రతాపరుద్రుడు. మన కథ ఇతనిదే. మూడో ఆయన అసలు కాకతీయుడే కాదు, ఒడిశా గజపతి, శ్రీకృష్ణదేవరాయలతో యుద్ధం చేసినవాడు. మాకు దగ్గర్లో ఉన్న కొండపల్లి కోటను రాయలు గెలుచుకున్నది ఈ గజపతి దగ్గర్నుంచే. ఇద్దరికీ మధ్య దాదాపు రెండు వందల ఏళ్ల తేడా ఉంది.

పుస్తకాలు కూడా రెండు. విద్యానాథుడు ఓరుగల్లు ఆస్థానంలో ఉండి సంస్కృతంలో రాసింది అలంకారశాస్త్రం. దాన్ని ప్రతాపరుద్ర యశోభూషణం అనీ, ప్రతాపరుద్రీయం అనీ అంటారు. అందులో ఉదాహరణ పద్యాలన్నీ ఈ రాజును పొగిడేవే. నాటకం ఎలా ఉండాలో చూపించడానికి ఆయన ఐదంకాల నమూనా నాటకం కూడా ఒకటి అందులో చేర్చాడు. దాని కథ ప్రతాపరుద్రుడి పట్టాభిషేకం. అంటే తన జీవితకాలంలోనే తన మీద నాటకం వచ్చిన రాజు ఇతను. రెండోది వేదం వేంకటరాయశాస్త్రి రాసిన తెలుగు నాటకం, 1897లో వచ్చింది. కన్యాశుల్కం మొదటి ముద్రణ సంవత్సరం కూడా అదే. నేను బోల్తా పడింది ఈ రెండు ప్రతాపరుద్రీయాల మధ్యే.

నాటకంలో ఏం జరిగింది

వేదం వేంకటరాయశాస్త్రి (1853-1929) మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో సంస్కృత పండితుడు. పుస్తకాల భాష గ్రాంథికంగానే ఉండాలన్న పక్షం ఆయనది. అయినా నాటకం దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టు వదిలేశాడు. ఏ పాత్ర నోట ఆ పాత్ర భాషే పలకాలన్నాడు. అందుకే ప్రతాపరుద్రీయంలో మంత్రి ఒకలా మాట్లాడతాడు, చాకలి పేరిగాడు ఒకలా మాట్లాడతాడు, ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లు ఇంకోలా మాట్లాడతారు. పాత్రోచిత భాష అని మనం నోట్సులో రాసుకునేది దీన్నే.

కథ సరదాగా, జోరుగా సాగుతుంది. ఢిల్లీవాళ్లు ప్రతాపరుద్రుణ్ణి మోసంతో పట్టుకుపోతారు. మంత్రి యుగంధరుడు సుల్తాన్‌నే పట్టుకొస్తానని శపథం చేస్తాడు. పిచ్చివాడి వేషం వేసుకుని ఢిల్లీ వీధుల్లో తిరుగుతాడు. అందరూ నవ్వుకుంటుండగానే పథకం నడిపించి రాజును విడిపిస్తాడు. సంస్కృత కథాసరిత్సాగరం చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. అందులో ఉదయన మహారాజును శత్రువు బంధిస్తే మంత్రి యౌగంధరాయణుడు వేషం మార్చి వెళ్లి విడిపిస్తాడు. మంత్రి పేరు దగ్గర్నుంచీ పోలిక కనిపిస్తూనే ఉంది.

అయితే రాజు ఢిల్లీ నుంచి తిరిగొచ్చాడన్న ముచ్చట శాస్త్రిగారితో మొదలవలేదు. పదహారో శతాబ్దం నాటి ఏకామ్రనాథుడి ప్రతాపరుద్ర చరిత్రం కూడా రాజు ఢిల్లీ వెళ్లి గౌరవంగా తిరిగొచ్చాడనే చెబుతుంది. అంటే రాజు పోయిన రెండు వందల ఏళ్లకే జనం ఆయన్ని కథలో వెనక్కి తెచ్చుకున్నారు. నాటకం ఆ కోరికకు రంగస్థలం ఇచ్చింది.

ఇంగ్లండులోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. షేక్స్‌పియర్ మూడో రిచర్డ్ నాటకం అచ్చయింది 1597లో, మన ప్రతాపరుద్రీయానికి సరిగ్గా మూడు వందల ఏళ్ల ముందు. ఆ రాజు 1485లో యుద్ధంలో చనిపోతే, జనం మాత్రం నాటకంలోని గూని దుర్మార్గుణ్ణే నిజం అనుకుంటూ వచ్చారు. 2012లో లెస్టర్ పట్టణంలో ఒక కారు పార్కింగ్ కింద ఆయన ఎముకలు దొరికాయి. వెన్నెముక పక్కకు వంకర తిరిగిన మాట నిజమేగానీ, నాటకంలో చెప్పిన ఎండిపోయిన చెయ్యి లేదు. అక్కడ నాటకాన్ని సరిచూసుకోవడానికి అస్థిపంజరం దొరికింది. మన దగ్గర అలాంటిది లేదు. శాసనాలు, రాగిరేకులు, శత్రుపక్షం చరిత్రకారుల రాతలు ఉన్నాయి. వాటిలో కనిపించే ప్రతాపరుద్రుడు ఎవరో వచ్చి విడిపించే దాకా కూర్చునే మనిషి కాదు.

పట్టం కట్టేనాటికి పరిస్థితి

రుద్రమదేవికి కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మ, అల్లుడు మహాదేవుడు. వాళ్ల కొడుకు ప్రతాపరుద్రుడు. రుద్రమ ఈ మనవణ్ణి దత్తత తీసుకుని వారసుడిగా ప్రకటించింది. విద్యానాథుడి నాటకంలో ఇది దేవుడు కలలో చెప్పిన మాట ప్రకారం జరిగినట్టు ఉంటుంది. కూతురి కొడుక్కి రాజ్యం ఇవ్వడాన్ని సామంతులకు నచ్చజెప్పాలంటే దేవుడి పేరు అవసరమై ఉంటుందని నా అనుమానం.

పట్టాభిషేకం మాట అలా ఉంచితే, అసలు పరిస్థితి ఘోరంగా ఉంది. కడప ప్రాంతం ఏలుతున్న కాయస్థ అంబదేవుడు కాకతీయులకు సామంతుడై ఉండి తిరగబడ్డాడు. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నవంబరు 27 నాటి శాసనం రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయారని చెబుతుంది. అంబదేవుడితో జరిగిన యుద్ధంలోనే ఆమె మరణించిందని చరిత్రకారుల అభిప్రాయం. మరుసటి ఏడాది అంబదేవుడు త్రిపురాంతకంలో తన విజయాలన్నీ వరసగా చెక్కించుకున్నాడు.

అమ్మమ్మను పోగొట్టుకుని, దక్షిణాన సగం రాజ్యం చెయ్యిజారిన సమయంలో ఈ కుర్రాడు గద్దె ఎక్కాడు. 1291 నాటికి త్రిపురాంతకం మళ్లీ కాకతీయుల చేతికొచ్చింది. అంబదేవుడి బలం విరిగింది. ఆ తర్వాత ప్రతాపరుద్రుడు చేసిన పని మన సిలబస్‌లో నాయంకర విధానం అనే పేరుతో ఉంటుంది. ఒక నాయకుడికి కొన్ని ఊళ్ల ఆదాయం రాసిస్తారు, దానికి బదులు అతను ఇంత సైన్యాన్ని పోషించి పిలిచినప్పుడు తేవాలి. వంశపారంపర్యంగా గర్వపడే పెద్ద సామంతుల మీద ఆధారపడకుండా, తనకు కట్టుబడి ఉండేవాళ్లను రాజు స్వయంగా ఎంచుకునే పద్ధతి ఇది. అమ్మమ్మను చంపిన తిరుగుబాటు చూసినవాడికి ఇలాంటి ఆలోచన రావడం సహజమే. ఓరుగల్లు కోటకు డెబ్బై ఏడు బురుజులు ఉండేవనీ, ఒక్కో బురుజును ఒక్కో నాయకుడు కాపాడేవాడనీ చెప్పుకుంటారు. తర్వాత విజయనగరం వాళ్లు పెద్ద ఎత్తున నడిపిన పద్ధతికి మూలం ఇక్కడే ఉంది.

ఇక కోట. మధ్యలో రాతిగోడ, దాని చుట్టూ నీళ్ల కందకం, ఇంకా బయట చాలా దూరంలో మట్టిగోడ. వరంగల్ వెళ్తే ఇవి ఇప్పటికీ కనిపిస్తాయి. నేను ఖమ్మం దాకా బస్సులో వెళ్లి, అక్కణ్ణుంచి రైల్లో వెళ్లాను. మట్టిగోడ చూసి దీన్ని దాటడం ఏముందిలే అనుకున్నాను. ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. రాళ్లు విసిరే యంత్రాల దెబ్బకు కూడా ఆ గోడ చలించలేదన్న అర్థంలో రాశాడు.

కప్పం లెక్క

మనమంతా బట్టీపట్టే భాగం ఇదే. 1303, 1309, 1318, 1321, 1323. ఐదు దండయాత్రలు, వాటి సేనానుల పేర్లు. నేనూ ఈ సంవత్సరాలను ఫోన్ నంబరులాగే గుర్తుపెట్టుకున్నాను. పక్కన ఢిల్లీ సింహాసనం సంవత్సరాలు రాసుకున్నాకే అసలు సంగతి అర్థమైంది.

1303లో అల్లావుద్దీన్ ఖిల్జీ సైన్యం తూర్పు దారిన వచ్చింది. కరీంనగర్ వైపు ఉప్పరపల్లి దగ్గర కాకతీయ సేనానులు దాన్ని తిప్పికొట్టారు. అదే ఏడాది అల్లావుద్దీన్ స్వయంగా చిత్తోడ్ ముట్టడిలో ఉన్నాడు. మంగోలులు ఢిల్లీ దాకా వచ్చేశారు. వాళ్లను ఎదుర్కోవడానికి అతనికి పెద్ద సైన్యం కావాలి, సైన్యానికి జీతాలు కావాలి. దక్షిణాది మీద అతని కన్ను పడింది ముఖ్యంగా ఈ డబ్బు కోసమే.

1309 చివర్లో మాలిక్ కాఫర్ బయల్దేరి 1310 జనవరికి ఓరుగల్లు చేరాడు. రాజు నిధులు, ఏనుగులు ఇస్తే చాలు, రాజ్యం కోసం పట్టుబట్టవద్దని సుల్తాన్ అతనికి చెప్పి పంపినట్టు బరనీ రాశాడు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీనిమీదే తిరుగుతుంది. నెలకు పైగా ముట్టడి సాగింది. కాకతీయులు రాత్రిపూట మెరుపుదాడి చేశారు. చివరికి బయటి మట్టిగోడ పడిపోయింది. రాతికోట ఇంకా నిలిచే ఉంది. అప్పుడు ప్రతాపరుద్రుడు సంధి అడిగాడు. మెడకు బంగారు గొలుసు వేసిన తన బంగారు బొమ్మను పంపాడని అమీర్ ఖుస్రో రాశాడు. రాజు రాలేదు, రాజు బొమ్మ వచ్చింది. లొంగినట్టూ అయింది, మనిషి కోటలోనే ఉన్నాడు. నిధులు, ఏనుగులు, గుర్రాలు తీసుకుని కాఫర్ మార్చిలో తిరుగుముఖం పట్టాడు. కోహినూర్ కూడా అప్పుడే పోయిందని యూట్యూబ్ అంతా చెబుతుంది. దానికి గట్టి ఆధారం లేదు. పరీక్షలో రాస్తే మీ ఇష్టం.

ఏటేటా కప్పం కట్టే ఒప్పందంతో రాజ్యం మిగిలింది. ఆ మిగిలిన రాజ్యంతో అతను ఊరుకోలేదు. 1316లో అతని నెల్లూరు అధికారి ముప్పిడి నాయకుడు కంచి దాకా వెళ్లి పట్టుకున్నాడు. ఢిల్లీకి కప్పం కడుతున్న రాజు దక్షిణాన కంచిని గెలిచాడన్నమాట.

అదే 1316లో అల్లావుద్దీన్ చనిపోయాడు. ఢిల్లీలో గొడవలు మొదలయ్యాయి. ఓరుగల్లు నుంచి కప్పం ఆగిపోయింది. కొత్త సుల్తాన్ ముబారక్ షా కుదురుకుని 1318లో ఖుస్రో ఖాన్‌ను పంపాడు. మళ్లీ ముట్టడి, మళ్లీ సంధి. ఈసారి ప్రతాపరుద్రుడు కోటగోడ మీదికెక్కి ఢిల్లీ దిక్కుకు తిరిగి వంగి నమస్కరించాడని ఢిల్లీ వైపు రాతలు చెబుతాయి. ఈసారి కూడా బయటికి మాత్రం రాలేదు.

1320లో ముబారక్ హత్యకు గురయ్యాడు. చంపించిన ఖుస్రో ఖాన్ కొద్ది నెలలు కూడా నిలవలేదు. ఘియాసుద్దీన్ తుగ్లక్ గద్దె ఎక్కాడు. ఈ గందరగోళంలో ఓరుగల్లు మళ్లీ కప్పం ఆపేసింది.

ఇప్పుడు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఢిల్లీ గట్టిగా ఉంటే కడతాడు, ఢిల్లీ ఊగితే ఆపుతాడు. దీన్ని పిరికితనం అన్నవాళ్లు ఉన్నారు, మొండితనం అన్నవాళ్లూ ఉన్నారు. నాకైతే ఇది చక్కగా వేసుకున్న లెక్కలాగే కనిపిస్తుంది. అప్పటికి ముప్పై ఏళ్లుగా రాజ్యం నిలిచింది. పొరుగునున్న దేవగిరి యాదవుల రాజ్యాన్ని ఢిల్లీ కలిపేసుకున్నాక కూడా ఓరుగల్లు నిలిచింది. ప్రతిసారీ మనిషి తన కోటలోనే మిగిలాడు.

అయితే తుగ్లక్ ఖిల్జీ కాడు. అతనికి కప్పంతో పనిలేదు, రాజ్యమే కావాలి. అటువైపు రూలు మారింది, ఇటువైపు లెక్క పాతదే ఉంది.

ఆరు నెలలు, ఐదు నెలలు

1321లో తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చాడు. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో రాజధాని మార్పిడి, రాగి నాణేల పాఠంలో మనం చదివేది ఇతని గురించే. ముట్టడి దాదాపు ఆరు నెలలు సాగింది. ప్రతాపరుద్రుడు ఎప్పటిలాగే సంధి మాట పంపాడు, కప్పం ఇస్తానన్నాడు. ఉలుగ్ ఖాన్ ఒప్పుకోలేదు.

ఇంతలో ఒక విచిత్రం జరిగింది. ఢిల్లీ నుంచి దండుకు వారానికి రెండుసార్లు ఉత్తరాలు వచ్చేవి. దారిలో చౌకీలు తెగిపోయి దాదాపు నెలపాటు ఏ కబురూ రాలేదు. నేను టెక్ బ్లాగు రాసేవాణ్ణి కాబట్టి దీన్ని నెట్‌వర్క్ పోవడం అనే అంటాను. నెట్‌వర్క్ పోయిన చోట పుకారు పుడుతుంది. ఉబైద్ అనే కవి ఢిల్లీలో సుల్తాన్ చనిపోయాడన్న మాట లేవదీశాడు. సేనానులు భయపడి ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. దండు చెల్లాచెదురైంది. ఉలుగ్ ఖాన్ దేవగిరి వైపు పరుగు తీయాల్సి వచ్చింది. కాకతీయ సైన్యం వెంటపడి తరిమింది.

ఓరుగల్లులో ఎంత పండగ జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. ప్రతాపరుద్రుడు యుద్ధం ముగిసిందనుకుని కోటలోని ధాన్యం కొట్లు తెరిచి జనానికి విందులు చేయించాడని చరిత్రకారులు రాస్తారు. ఆరు నెలలు కోటలో మగ్గిన జనానికి అన్నం పెట్టిన రాజును తప్పుపట్టడం కష్టమే. కానీ ముట్టడిలో కోటను కాపాడేది గోడలకంటే ముందు గాదెలే.

ఢిల్లీలో సుల్తాన్ బతికే ఉన్నాడు. పుకారు పుట్టించినవాళ్లను శిక్షించి, కొడుక్కి కొత్త సైన్యం ఇచ్చి మళ్లీ పంపాడు. 1323లో ఉలుగ్ ఖాన్ ఈసారి జాగ్రత్తగా వచ్చాడు. ముందు బీదర్ పట్టుకున్నాడు, బోధన్ పట్టుకున్నాడు, వెనక దారి భద్రం చేసుకున్నాడు. తర్వాతే ఓరుగల్లు చేరాడు. ఐదు నెలలు గడిచాయి. కోటలో తిండి అయిపోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి ప్రతాపరుద్రుడు బొమ్మను కాకుండా తనను తానే అప్పగించుకోవాల్సి వచ్చింది.

ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. కోట మధ్యలో ఉన్న స్వయంభూ శివాలయం నేలమట్టమైంది. దాని నాలుగు వైపులా ఉన్న నాలుగు తోరణాలు మాత్రం నిలిచాయి. తెలంగాణ అధికార చిహ్నంలో మీరు చూసే తోరణం అదే.

నర్మద ఒడ్డున

రాజును పట్టి ఉంచుకుంటే ఓరుగల్లులో జనం ఊరుకోరని ఉలుగ్ ఖాన్‌కు తెలుసు. అందుకే కుటుంబంతో సహా వెంటనే ఢిల్లీకి పంపించాడు. రాజు ఢిల్లీ చేరలేదు. దారిలోనే చనిపోయాడని ఢిల్లీ చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ రాశాడు. పార్సీ రాతల్లో అతని పేరు లద్దర్ దేవ్ అని ఉంటుంది. రుద్రదేవుడే ఆ నోళ్లలో అలా మారాడు.

ఎక్కడ చనిపోయాడో మన రాగిరేకు చెబుతుంది. కోనసీమలోని విలస గ్రామం పేరుతో ముసునూరి ప్రోలయ నాయకుడు ఇచ్చిన దానశాసనం అది. రాజు పోయిన కొద్ది ఏళ్లకే వేయించినది. ప్రతాపరుద్రుడు తురుష్క సుల్తాన్‌ను ఏడుసార్లు ఓడించాడనీ, చివరికి దైవం అనుకూలించక పట్టుబడ్డాడనీ, తీసుకుపోతుండగా సోమోద్భవా తీరంలో స్వర్గస్థుడయ్యాడనీ అందులో ఉంది. సోమోద్భవ అంటే నర్మదా నది. ఏడుసార్లు అన్నది అభిమానంతో రాసిన లెక్కే అయినా, నర్మద మాటను అనుమానించడానికి కారణం లేదు. అబద్ధం చెప్పి ప్రోలయ నాయకుడికి వచ్చేదేమీ లేదు.

నూరేళ్ల తర్వాత, 1423లో, రాజమహేంద్రవరం రెడ్డిరాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం ఇంకో మాట కలుపుతుంది. ఆయన తన ఇష్టం చేతనే దేవలోకానికి వెళ్లాడంటుంది. ఆత్మహత్య చేసుకున్నాడని దీనికి చరిత్రకారులు అర్థం చెబుతారు. బంగారు బొమ్మను పంపి, గోడ మీది నుంచే నమస్కారం పెట్టి, ముప్పై నాలుగేళ్లు బయటికి రాకుండా నిలిచినవాడు సుల్తాన్ దర్బారులో నిలబడటానికి ఇష్టపడలేదనుకుంటే, అది నమ్మదగ్గట్టుగానే ఉంది.

ఢిల్లీ చేరిన మనిషి

మరి నాటకంలోని యుగంధరుడి సంగతేంటి? ఓరుగల్లు నుంచి ఢిల్లీ వెళ్లి చక్రం తిప్పిన తెలుగువాడు ఎవరైనా ఉన్నాడా అంటే, ఒకడున్నాడు. ఈ కథంతటిలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది ఇతనే.

రాజుతో పాటు బందీగా బయల్దేరినవాళ్లలో కన్ను అనే ఉద్యోగి ఉన్నాడని అఫీఫ్ రాశాడు. ఓరుగల్లు ఆస్థానంలో పెద్ద గౌరవం ఉన్న మనిషి. రాజు దారిలో పోయాక ఇతను ఢిల్లీ చేరాడు. ఇస్లాం తీసుకున్నాడు, పేరు మక్బూల్ అయింది. మారన మార్కండేయ పురాణాన్ని ప్రతాపరుద్రుడి సేనాని గన్నయకు అంకితమిచ్చాడని మనం సాహిత్యం పేపర్లో చదువుతాం కదా. ఆ గన్నయే ఈ కన్ను అని కొందరి అభిప్రాయం. యుగంధరుడు కూడా ఇతనే అనేవాళ్లున్నారు. మక్బూల్‌కు చదవడం రాయడం రాదని అఫీఫ్ అంటాడు. పురాణం అంకితం పుచ్చుకున్నవాడే ఇతనైతే, రానిది పార్సీ చదువు అయి ఉండాలి.

చదువు రాకపోయినా మహమ్మద్ బిన్ తుగ్లక్ అతని తెలివికి పెద్ద పదవులిచ్చాడు. ముల్తాన్ అప్పగించాడు. తర్వాత ఓరుగల్లుకే అధికారిగా పంపాడు. ఒకప్పుడు తన రాజు ఏలిన కోటకు సుల్తాన్ తరఫున మళ్లీ వచ్చాడు. 1336 ప్రాంతంలో ప్రోలయ నాయకుడి వారసుడు కాపయ నాయకుడు తిరగబడి ఓరుగల్లును గెలుచుకున్నప్పుడు కోట వదిలి ఢిల్లీకి పారిపోయింది ఈ మక్బూలే. ఇద్దరూ ఒకప్పుడు ఒకే రాజు మనుషులు. ఒకరు ఆ రాజు పేరు మీద కోటను వెనక్కి తీసుకున్నారు, ఇంకొకరు ఆ కోటను వదిలి పరుగెత్తారు. ఇలాంటి సీను ఏ నాటకంలోనూ లేదు.

1351లో సుల్తాన్ చనిపోయాక వారసత్వం గొడవలో మక్బూల్ ఫిరోజ్ షా వైపు వెళ్లాడు. ఫిరోజ్ అతన్ని వజీరు చేశాడు, ఖాన్-ఇ-జహాన్ బిరుదిచ్చాడు. వజీరంటే ఇప్పటి మాటల్లో ప్రధానమంత్రి లాంటివాడు. సుల్తాన్ ఏళ్ల తరబడి దండయాత్రల్లో తిరుగుతుంటే ఢిల్లీలో రాజ్యం నడిపింది ఇతనే. 1368-69 ప్రాంతంలో చనిపోయాడు. ఢిల్లీ నిజాముద్దీన్ బస్తీలో అతని సమాధి ఉంది. ఎనిమిది మూలలతో కట్టిన సమాధుల్లో ఢిల్లీలో ఇదే మొదటిదని చెబుతారు. తర్వాత వచ్చిన లోడీల సమాధులకు నమూనా ఇదే. తిలంగానీ అన్న మాట అతని పేరు చివర ఇప్పటికీ అలాగే ఉంది.

ఒక ఇంటర్వ్యూ పనిమీద ఢిల్లీ వెళ్లినప్పుడు వెతుక్కుంటూ వెళ్లాను. గల్లీలు ఇరుకు, చుట్టూ ఇళ్లు దగ్గరగా కమ్మేసి ఉన్నాయి. దారి అడిగితే మొదటి ఇద్దరికి తెలియలేదు. అక్కడ నిలబడి ఉండగా అనిపించింది, యుగంధరుడు ఢిల్లీ వెళ్లిన మాట నిజమే, తిరిగి రాకపోవడం ఒక్కటే నాటకం దాచిపెట్టింది.

ప్రతాపరుద్రుడికి మాత్రం సమాధి లేదు. నర్మద ఒడ్డున ఏ రేవు దగ్గరో కూడా రాగిరేకు చెప్పదు. విజయవాడలో ఢిల్లీ రైలెక్కితే వరంగల్ మీదుగానే పోతుంది. ఇటార్సీ దాటాక, భోపాల్ రాకముందు, నర్మదాపురం దగ్గర నది వంతెన వస్తుంది. ఎగ్జామ్‌కో ఇంటర్వ్యూకో వెళ్లే మనవాళ్లంతా దాటేది ఆ వంతెనే. నేను ఆ దారిన రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ వంతెన వచ్చే వేళకు పై బెర్తులో నిద్రపోతున్నాను.